చెల్లె చేతి కట్టు

కూసో బిడ్డా, జర సక్కగ కూసోని ఇను. ఫోను బోర్ల పెట్టు. పట్టీ ఉన్న చెయ్యిని దిండు మీదికి ఎత్తి పెట్టుకో, కిందికి ఏలాడెయ్యకు. రాసే చెయ్యి మంచిగనే ఉంది గద, గది చాలు. నేను చెప్పేదాన్ని మీ పుస్తకాల భాషలోకి మార్చి రాస్తానన్నావు, మంచిదే, రాసుకో. మనుషులు అన్న మాటలను మాత్రం దిద్దవద్దు. వాళ్ళు ఎట్లా అన్నారో అట్లాగే ఉండనీ, దిద్దితే అవి వాళ్ళ మాటలు కాకుండా పోతాయి. ఇంకొంచెం దగ్గరికి జరుగు, మెల్లగా చెబుతాను. మీ చిన్నమ్మమ్మ వంటింట్లో మీ అమ్మతో పాటు ఉంది. తన సంగతి చెబుతున్నానని తెలిస్తే "ఇంకేం పని లేదా అక్కా నీకు" అని వచ్చి నడుమ కూర్చుంటుంది. అప్పుడు నాకు నోరు రాదు.

నిన్న నువ్వు అడిగిన దానికే ఇదంతా. పాలకుర్తి నుంచి హనుమకొండకు ఒక బస్సు, అక్కడి నుంచి ఈ భూపాలపల్లికి ఇంకో బస్సు, నడుములు విరిగేలా కూర్చుని వచ్చిన మనిషి. చెప్పులు విడిచి, కాళ్ళు కూడా కడుక్కోకుండా, మీ అమ్మ ఇచ్చిన నీళ్ళు పక్కన పెట్టి, నీ మంచం మీద కూర్చుంది. సిమెంటు పట్టీలో నుంచి బయటికి కనబడుతున్న నీ వేళ్ళను ఒక్కొక్కటీ పట్టుకుని గోటి మీద నొక్కింది, వదిలింది, చూసింది. తెల్లబడిన గోరు మళ్ళీ ఎర్రబడేదాకా చూసి అప్పుడు పక్క వేలు పట్టుకుంది. "నేనేమన్న మామిడిపండునా చిన్నమ్మమ్మా, ఒత్తి చూస్తానవ్" అని నువ్వు నవ్వావు. ఆమె కూడా నవ్వింది. ఆమె లోపలికి పోయాక నన్ను అడిగావు, ఎందుకట్లా చేసింది, ఆమె చెయ్యి ఎందుకట్లా ఉంటుంది అని. చిన్నప్పుడు పడింది అని మాత్రమే నీకు తెలుసు. పడితే అట్లా కాదు బిడ్డా. పడితే ఎముక విరుగుతుంది. చెయ్యి పోవడానికి ఇంకా చాలామంది మనుషులు కావాలి.

మా ఊరు పాలకుర్తికి దగ్గరే. మా ఇల్లు అంటే నాకు మొదట వాసనలే గుర్తొస్తాయి. పొద్దున్నే అమ్మ వాకిట్లో పేడనీళ్ళు చల్లిన వాసన, కొట్టంలో ఎద్దుల వాసన, వంటింట్లో పిడకల పొగ, అన్నిటి మీదా ఆముదం. మా చెల్క భూములకు ఆముదమే పంట. దీపానికి ఆముదం, తలకు ఆముదం, కడుపు నొస్తే ఆముదం, దెబ్బ తగిలితే ఆముదం. ఆముదం బుడ్డి మా నాయినమ్మ చేతిలో ఉండేది. దూలానికి ఒక చిన్న బుట్ట వేలాడదీసుకుని అందులో ఆ బుడ్డి, పసుపు కొమ్ములు, సున్నం డబ్బీ, పాత ధోవతి చింపిన గుడ్డపేలికలు పెట్టుకునేది. ఇంట్లో ఎవరికి ఏం తగిలినా ఆ బుట్ట దిగేది. మనిషి ఇంతే ఉండేది, నా భుజం దాకా కూడా రాదు. కానీ ఆమె దగ్గితే మా బాపు కూడా బీడీ ఆర్పేసేవాడు.

కాలానికో పండు ఉన్నట్టు మాకు కాలానికో దెబ్బ ఉండేది. వానాకాలం కలుపు తీసేటప్పుడు కొడవలి వేళ్ళ మీదికి వచ్చేది, పొలం ఒడ్ల మీద జారి మణికట్లు బెణికేవి, గడ్డిలో పాములు. జొన్న కోసిన తర్వాత మిగిలిన మొదళ్ళు ఈటెల్లాగా నిలబడి ఉండేవి, చెప్పుల్లేని కాళ్ళతో ఆ చేన్లోనే ఆడుకునేవాళ్ళం, అరికాళ్ళలో దిగబడేవి. చలికాలం మంట దగ్గర కొంగులు అంటుకునేవి. ఎండాకాలం చింతచెట్ల మీది నుంచి, తాటిచెట్ల మీది నుంచి మనుషులు పడేవాళ్ళు. పెళ్ళిళ్ళప్పుడు గంజి మీద పడి కాళ్ళు కాలేవి. ఏ నెలలో ఏది వస్తుందో అందరికీ తెలుసు. తెలిసీ ఎవ్వరూ ఒక్కటీ మార్చలేదు. మా గడప ముందర పాతిపెట్టినట్టు ఒక రాయి ఉండేది, ఎప్పుడో పగిలిన విసుర్రాయి ముక్క. వచ్చినవాళ్ళకూ పోయినవాళ్ళకూ బొటనవేలు దానికే తగిలేది. దానికి తాకుడు రాయి అని పేరు కూడా పెట్టుకున్నాం. పేరు పెట్టిన ఇంట్లో దాన్ని తవ్వి పక్కన పడేద్దామని ఎవ్వరికీ తోచలేదు. తగిలించుకున్న మనిషిని తిట్టేవాళ్ళం, గాచారం బాగలేదు అనేవాళ్ళం, రాయి మాత్రం అక్కడే ఉండేది.

తిట్టడం అంటే మామూలు తిట్టడం కాదు. మా ఇంట్లో దెబ్బకు మొదటి మందు తిట్టే. రక్తం కారుతూ వస్తే నాయినమ్మ మొదట వీపు మీద ఒక్కటి వేసేది, "కండ్లు నెత్తిమీద పెట్టుకోని నడుస్తానవా" అనేది, ఆ తర్వాతే బుట్ట దించేది. ప్రేమ లేక కాదు, బిడ్డా. ఆమెకు భయమైతే కోపంగా బయటికి వచ్చేది. అందుకని మేం దెబ్బలు దాచుకునేవాళ్ళం. గడ్డిచేమంతి ఆకు నలిపి రసం పిండుకుని, గౌనుతో తుడుచుకుని, ఏమీ కానట్టు ఇంట్లోకి వచ్చేవాళ్ళం. పిల్లలమే కాదు. ఒకసారి మా బాపుకు తేలు కుట్టింది. ఇంతింత మీసాలున్న మనిషి, వాళ్ళమ్మ తిడుతుందని అటక మీదికెక్కి గడ్డిలో కూర్చున్నాడు. చెమటలు కారి కిందికి చుక్కలు పడుతుంటే అమ్మ చూసింది. నాయినమ్మ నిచ్చెన కింద నిలబడి, "దిగురా, ముందు తేలుకు దండం పెడ్త, నీ అసొంటోన్ని కుట్టినందుకు" అన్నది. ఇప్పుడు నవ్వొస్తుంది చూడు, అప్పుడూ నవ్వాం. ఆ నవ్వుల్లోనే ఒక అలవాటు పెరిగింది. నొప్పి అంటే దాచుకునేది, నొప్పి అంటే పెద్దవాళ్ళకు కోపం తెప్పించేది అని.

మీ చిన్నమ్మమ్మ కమల నాకంటే చిన్నది. అప్పటికి ఇంకా లంగా జాకెట్టు వేసుకునే వయసు. దాని కుడి చెయ్యి చూస్తే ఊళ్ళో ఆడవాళ్ళు పని ఆపేవాళ్ళు. మోదుగాకులు తెచ్చి ఎండబెట్టి విస్తర్లు కుట్టేవాళ్ళం కదా, పెళ్ళిళ్ళకు మా వాడకట్టంతా కుట్టేది. నేను ఒక విస్తరి కుట్టేలోగా అది కట్ట కుట్టేది. ఆకు మీద ఆకు వేసి, ఈనెపుల్ల గుచ్చి, విరిచి, మళ్ళీ గుచ్చి, వేళ్ళు కనబడేవి కావు. నాయినమ్మ ఎవర్నీ మెచ్చుకోదు. కమల కుట్టిన విస్తరిని మాత్రం ఎండకు ఎత్తిపట్టి చూసి, "గిండ్ల నీళ్ళు పోస్తె గూడ కారయ్" అనేది. అంతకంటే పెద్ద మెప్పు ఆ ఇంట్లో లేదు.

మోట అంటే నీకు తెలియదు. కరెంటు మోటర్లు రాక ముందు బావిలో నుంచి నీళ్ళు అట్లా తోడేవాళ్ళు. పెద్ద తోలు బొక్కెన, దానికి లావు తాడు, తాడు కొస ఎద్దుల కాడికి. ఎద్దులు ఏటవాలు బాట మీద దిగుతుంటే బొక్కెన పైకి వస్తుంది. దిగేటప్పుడు ఎద్దులకు భారం తెలియకుండా మోట కొట్టే మనిషి ఆ తాడు మీద కూర్చుంటాడు, తన బరువు కూడా కలుస్తుందని. పిల్లలకు అది ఉయ్యాల. బాపు వెనక తాడు మీద కూర్చుని దిగడానికి మేం కొట్లాడుకునేవాళ్ళం. ఆ బాట అడుగున, ఎద్దులు మళ్ళే చోట, కట్టకు ఆనించిన బండ ఒకటి ఉండేది. తాడు మీది నుంచి పడ్డ పిల్లలందరూ ఆ బండ మీదే పడ్డారు. మా మేనబావ పన్ను అక్కడే విరిగింది, పక్కింటి పిల్ల గదవ అక్కడే పగిలింది. ఆ బండ మీద రెండు మోపుల గడ్డి పరిస్తే చాలని ఇప్పుడు నాకు తోస్తుంది. అప్పుడు తోస్తే ఏం పోయేది?

ఒక పొద్దున కమల తాడు మీద ఉండగా ఎద్దు కాలు తప్పింది. తాడు ఒక్కసారి సడలి మళ్ళీ బిగిసింది. బాపు దూకాడు, కమల బండ మీద పడింది, కుడి చెయ్యి కిందయింది. బాపు ఎత్తుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. నాయినమ్మ వాకిట్లోనే మొదలుపెట్టింది, ఆడపిల్లకు మోట మీద ఏం పని అని. చెయ్యి చూశాక ఆగిపోయింది. మోచేతికీ మణికట్టుకూ నడుమ ఇంకో మణికట్టు పుట్టినట్టు వంగి ఉంది. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. కమల మాత్రం, "మోట ఆగిపోయిందా బాపు, నీళ్ళు పారుతానయా" అని అడిగింది. తిట్టకుండా చేయడానికి పాపం అది వెతుక్కున్న మాట.

ఎముక విరిగితే దవాఖాన మాట ఎవరికీ రాదు అప్పుడు. పక్క ఊళ్ళో మల్లయ్య కాక ఉండేవాడు. చుట్టుపక్కల ఊళ్ళలో విరిగిన చెయ్యి, కాలు ఏదైనా ఆయన కట్టాల్సిందే. చెడ్డ మనిషి కాదు, అది ముందే రాసుకో. ఎంతమందిని నడిపించాడో లెక్క లేదు. ఆయన దగ్గర నల్లేరు వాసన, బీడీ వాసన కలిసి వచ్చేవి. కమల పక్కన కూర్చుని, మీ ఇంట్లో ఏ బర్రె మంచిగా పాలిస్తది బిడ్డా అని అడిగాడు. అది ఆలోచించి చెప్పేలోగా చెయ్యి పట్టుకుని లాగాడు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. తర్వాత నల్లేరు దంచి, గుడ్డు తెల్లసొన, మినప్పిండి కలిపి పూసి, చుట్టూ వెదురు బద్దలు పెట్టి, అమ్మ పాత చీర చింపి చుట్టాడు. పిల్ల చురుకైంది, వదులుగా కడితే ఆటల్లో ఊడబీక్కుంటుంది అని ఇంకో రెండు చుట్లు బిగించి కట్టాడు. లేచేటప్పుడు అందర్నీ చూసి ఒక మాట అన్నాడు.

"నేను మల్ల వచ్చిందాక కట్టు ఎవ్వలు ముట్టద్దు. నా చెయ్యి పడ్డదాని మీద ఇంకో చెయ్యి పడితె ఎముక వంకర పోతది."

అట్లా అనడం వాళ్ళ పద్ధతి. ఎవరో విప్పి, ఎముక కదిలి, చెయ్యి వంకరపోయిన ఇల్లు కూడా ఉంది మా ఊళ్ళో. అందుకే ఆ మాటకు అంత విలువ. ఆయన అటు నుంచి అటే టేకుమట్ల దిక్కు బయలుదేరాడు, అక్కడ ఆయన బిడ్డకు కానుపు దగ్గర పడ్డది. అప్పటి బాటలకు టేకుమట్ల అంటే వేరే దేశమే.

సాయంత్రానికి కమల ఏడవడం మొదలుపెట్టింది. మరునాడు ఇంకా ఎక్కువైంది. నాయినమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ, ఎముకకు ఎముక దొరుకుతాంది బిడ్డా, అందుకే నొప్పి, దొరికినంక అదే పోతది అనేది. ఆ మాట ఆమె కల్పించింది కాదు, వాళ్ళ నాయినమ్మ ఆమెకు చెప్పింది. చూడటానికి వచ్చిన ఆడవాళ్ళందరూ అదే అన్నారు. వేళ్ళు ఉబ్బి నిగనిగలాడాయి, వంకాయ రంగుకు తిరిగాయి. వాపుకు మంచిదని నాయినమ్మ ఆముదంలో పసుపు రంగరించి వేళ్ళకు పూసింది. ఇక ఆ పసుపులో కింద రంగు ఎవరికీ కనబడలేదు. వచ్చినవాళ్ళు పచ్చటి వేళ్ళు చూసి, మంచిగున్నయ్ అని పోయేవాళ్ళు.

బాపు ఒకసారి జనగామ దవాఖాన మాట తీశాడు. బండి కడతా, పొద్దుగూకేసరికి పోతాం అన్నాడు. దానికి నాయినమ్మ మా ఊరి అబ్బయ్య కథ తీసింది. అబ్బయ్య కాలుకు పుండైంది, దవాఖానకు పోయాడు, కాలు కోయించుకుని వచ్చాడు. మా ఊళ్ళో ఈ కథ తెలియనివాళ్ళు లేరు. పుండు కుళ్ళి, పురుగులు పడి, ఇంట్లో ఇక వాసన భరించలేక ఆఖరికి తీసుకుపోయారన్నది మాత్రం ఆ కథలో ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. ముందు కాలు పోయింది, తర్వాత దవాఖాన వచ్చింది. మా నోళ్ళలో అది తిరగబడి, దవాఖానకు పోతే కాలు పోతది అని అయింది. బాపు బండి కట్టలేదు. ఆయనకు పరేషానైతే జనుప తాడు పేనేవాడు. వసారాలో కూర్చుని పేనుతూనే ఉన్నాడు, అవసరం లేని తాడు, మూరలకు మూరలు.

ఇప్పుడు చెప్పేది మెల్లగా రాసుకో. ఒక మధ్యాహ్నం నాయినమ్మ ఆముదపు కాయలు తెంపడానికి చేనుకు పోయింది. బాపు బావి దగ్గర ఉన్నాడు. అమ్మ పొయ్యి మీది అన్నం దించి, చూరులో గుచ్చి ఉన్న చిన్న కొడవలి తీసింది. నీళ్ళతో కడిగింది, కొంగుతో తుడిచింది. నేను గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. అమ్మ ఏం చేయబోతోందో నాకు అర్థమైంది, చేతులు అట్లాగే ఆగిపోయాయి. అమ్మ చాప మీద కూర్చుని కట్టు కిందికి కొడవలి మొన దూర్చింది. గుడ్డ ఎంత బిగిసి ఉందో, మొన దూరడానికి సందు లేదు. కమల ఏడుపు ఆపి, ఎడమ చేత్తో అమ్మ మణికట్టు పట్టుకుంది.

"వద్దే అమ్మా. నాయినమ్మ నిన్ను తిడ్తది. నేను ఇగ ఏడ్వ, తియ్యి."

మా అమ్మ ఆ ఇంట్లో ఎట్లా బతికిందో నీకు తెలియదు. ఉప్పు ఎక్కువైతే ఆమెదే తప్పు, బర్రె తన్నితే ఆమెదే తప్పు. కట్టు విప్పి రేపు చెయ్యి వంకరపోతే ఆ మాట ఆమె మీద చచ్చేదాకా ఉంటుంది. కమలకు అది తెలుసు. పిల్లలకు అన్నీ తెలుసు. అమ్మ కొడవలి మళ్ళీ చూరులో గుచ్చింది. కమలకు అన్నం కలిపి తినిపించింది.

ఆ తర్వాత కమల ఏడవలేదు. ఆ రోజు లేదు, మరునాడు లేదు. కండ్లు మూసుకుని పడుకునేది, అడిగితే మంచిగుంది అనేది. నాయినమ్మ మొహం విప్పారింది. ఎముక దొరికింది, నేను చెప్పలేదా అన్నది. బెల్లం తీయించి బెల్లమన్నం వండించి వాడకట్టుకు పంచిపెట్టింది. నేను గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఆ బెల్లమన్నం తియ్యగానే ఉంది బిడ్డా. మేమంతా తిన్నాం, కమల కూడా తిన్నది, ఎడమ చేత్తో.

మల్లయ్య కాక కొన్ని వారాలకు టేకుమట్ల నుంచి తిరిగొచ్చి నేరుగా మా ఇంటికే వచ్చాడు. మనుమడు పుట్టాడని సంతోషం మీద ఉన్నాడు. కట్టు కోసి, బద్దలు తీసి, చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఎముక మీద వేలితో రాసి చూశాడు, చక్కగా అతికింది. అప్పుడు వేళ్ళు ఆడించు బిడ్డా అన్నాడు. కమల తన వేళ్ళ దిక్కు చూసింది. అవి లోపలికి ముడుచుకుని, చల్లగా, ఎవరివో అన్నట్టు ఉన్నాయి. చర్మం మీద బద్దల అచ్చులు గుంతలు పడి ఉన్నాయి. ఆయన గిల్లాడు, కమలకు తెలియలేదు. ఇంకా గట్టిగా గిల్లాడు. అది ఆయన మొహం చూసి, నొస్తాంది కాకా, నొస్తాంది అన్నది, ఆయనకు బాధ కలగొద్దని. ఆయన నేల మీద చతికిలబడ్డాడు.

"ఎవలన్న కట్టు కోసి పారెయ్యకపోయిన్రా అవ్వా," అన్నాడు.

మా అమ్మ అత్త ముందర గొంతెత్తిన మనిషి కాదు. ఆ రోజు గొంతెత్తింది.

"నువ్వే గద కాకా ముట్టద్దంటివి."

"గట్లనే అన్న," అన్నాడు ఆయన. "పిల్ల ఏడుస్తుంటె గూడ నా మాటే ఇంటరని నేననుకోలె."

నాయినమ్మ లోపలికి పోయి బుట్ట కింద కూర్చుంది. మల్లయ్య కాక ఆ తర్వాత మా వాడకట్టుకు రాలేదు, కట్లు కట్టడం కూడా తగ్గించాడని విన్నాం. అప్పుడు బండి కట్టారు. పెద్ద దవాఖానలో ఒక డాక్టరు చేతిని చూసి, ఎముక బాగా కట్టాడే, ఎవరు కట్టింది అని అడిగాడట. తర్వాత బాపుకు చూపించాడట, గోటి మీద నొక్కాలి, వదిలితే రంగు తిరిగి రావాలి, రాకపోతే కట్టు కోసెయ్యాలి, ఆ క్షణమే కోసెయ్యాలి అని. బాపు, "గంతేనా సారూ" అన్నాడట. ఆ మాట కమల ఎన్నోసార్లు చెప్పింది నాకు. ఆ గదిలో బాపు పక్కన నిలబడి అది నేర్చుకుంది మీ చిన్నమ్మమ్మ. అప్పటి నుంచి ఎవరికి పట్టీ కనబడినా సరే, బస్సులో ముక్కూమొహం తెలియనివాళ్ళయినా సరే, జర మీ చెయ్యి ఇటియ్యున్రి అని నొక్కి చూస్తుంది. తిట్టినవాళ్ళు కూడా ఉన్నారు.

కమల బతికింది, బాగానే బతికింది. పెళ్ళయింది, పిల్లలయ్యారు. ఎడమ చేత్తో పత్తి ఏరడం నేర్చింది, కుడి మోచేతితో ఒడి నొక్కిపెట్టి. విస్తర్లు కూడా మళ్ళీ కుట్టింది, ముడుచుకుపోయిన వేళ్ళ కింద ఆకు అదిమిపట్టి, మెల్లగా, ఒక్కొక్కటి. నాకంటే వెనకపడేది అప్పుడు. నేను కావాలని చేతులు నెమ్మది చేస్తే కనిపెట్టి, "ఎందుకే అక్కా దొంగపని, జల్ది కుట్టు" అనేది. ఎడమ చేత్తో తింటుందని పెళ్ళి బంతుల్లో పక్కవాళ్ళు జరిగి కూర్చునేవాళ్ళు. అందుకని ఎక్కడికి పోయినా అమ్మ దాని పక్కనే కూర్చునేది. నాయినమ్మ పోయేదాకా మళ్ళీ ఎవరి దెబ్బకూ ఎవర్నీ తిట్టలేదు. అది మాకు తిట్టు కంటే కష్టంగా ఉండేది.

నేను పెళ్ళయి మహబూబాబాద్ పోయాను. అక్కడ రైలు పట్టాల పక్కన ఇల్లు. బావులకు మోటర్లు వచ్చాయి, మోటతో పాటు ఆ బండ కూడా మర్చిపోయాం. తడి చేతులతో స్టార్టర్ ముట్టుకుని మనుషులు పోవడం మొదలైంది. వడ్లు కొట్టే మిషన్లు వచ్చాయి, చేతులు మిషన్లలో పోయాయి. ఆటోలు వచ్చాయి, పత్తి ఏరడానికి పోయే ఆడవాళ్ళు డ్రైవరు పక్కన కూడా కూర్చుని పోయేవాళ్ళు, బోల్తా పడితే ఒక్క ఇంటి దెబ్బ కాదు, వాడకట్టు వాడకట్టుకే దెబ్బ. ఇక్కడ మీ భూపాలపల్లిలో బొగ్గు లారీలు. మా కాలంలో దెబ్బలు చిన్నవి, మందు దూరం. ఇప్పుడు మందు దగ్గరికొచ్చింది, దెబ్బలు పెద్దవయ్యాయి. ఏది మేలో నాకు తెలియదు. నువ్వు పడ్డ ఆ మలుపు దగ్గర కిరాణం ఆయన నాతో చెప్పాడు, వాన పడ్డ ప్రతిసారీ బొగ్గు బురదకు అక్కడ ఎవరో ఒకరు జారుతూనే ఉంటారట. మరి ఎవరికన్నా చెప్పిన్రా అంటే, ఆయన నవ్వి, పిల్ల టైం బాగలేదమ్మా అన్నాడు. ఇక మీ అమ్మ. దవాఖానలో నీ చెయ్యి వేలాడుతుంటే, చూసీ చూడకముందే, స్కూటీ తోలద్దన్ననా లేదా అని నీ మీదికి చెయ్యెత్తింది. ఆమె గొంతులో మా నాయినమ్మ వినబడింది నాకు. నేనే గదా పెంచాను మీ అమ్మను. ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తుందా అది? అయినా నీకు ఆ డాక్టరమ్మ చెప్పింది చూడు, వేళ్ళు ఆడించు, నొప్పి పెరిగినా తిమ్మిరెక్కినా పొద్దనక రాత్రనక వచ్చెయ్యి అని, ఆ నాలుగు మాటలు అప్పుడు మాకెవరన్నా చెప్పి ఉంటే. నువ్వు ఫోను చూస్తూ వింటున్నావు, నేను గోడకానుకుని కూర్చున్నాను.

మా అమ్మ మహబూబాబాద్‌లో నా దగ్గరే పోయింది. చివరి రోజుల్లో ఊరు మర్చిపోయింది, బాపు పేరు మర్చిపోయింది, కొడవలి మాత్రం మర్చిపోలేదు. "పెద్దదాన్నయుండి చిన్నపిల్ల వద్దంటె ఇన్న," అనేది. అన్నం పెడుతుంటే అనేది, తల దువ్వుతుంటే అనేది. కమల వచ్చి మంచం పక్కన కూర్చుంటే మాత్రం ఒక్క మాట అనేది కాదు. దాని ముడుచుకుపోయిన చెయ్యి తీసుకుని ఆముదం రాసేది, వేళ్ళు విప్పుదామని చూసేది. కమల, "అవి గట్లనే ఉంటయ్ తియ్యే అమ్మా, మంచిగనే ఉన్నయ్" అనేది. ఇద్దరూ ఆ మధ్యాహ్నం మాట ఎత్తగా నేను వినలేదు. నేనూ ఎత్తలేదు. అమ్మ పోయాక ఇక అది తెలిసిన మనుషులం ఇద్దరమే మిగిలాం, నేనూ అదీ.

నాకు ఒక్కటే తెలియాలి బిడ్డా. మందు తెలిసినవాళ్ళు అంటారు, నరం చచ్చేదాకా నొప్పి ఉంటుంది, ఆ నొప్పి ఉన్నంతసేపూ చేతికి ఇంకా టైమున్నట్టే అని. మరి ఏడవనని అమ్మకు మాటిచ్చిన తర్వాత అది ఏడవలేదు కదా. అప్పుడు దాని నొప్పి నిజంగా పోయిందా? లేక అమ్మను తిట్టు నుంచి కాపాడటానికి ఆ పసిది పళ్ళు బిగించుకుని పడుకుందా? మేం బెల్లమన్నం పంచుతున్నప్పుడు ఆ చెయ్యి ఇంకా బతికే ఉందా? నొప్పి పోయిందని అది అంటే మా అమ్మ ఆత్మకైనా శాంతి. పోలేదని అంటే నేనేం చెయ్యాలో నాకు తెలియదు. అందుకే ఇన్నేళ్ళూ అడగలేదు. నిన్న నీ వేళ్ళు నొక్కుతున్నప్పుడు దాని మొహం చూశాను, ఇక అడగాలని అనుకున్నాను. ఈ రోజు అందరూ పడుకున్నాక పక్కన కూర్చుని, చెల్లే, ఆ పొద్దు అమ్మ చెయ్యి పట్టుకోని వద్దన్నవు సూడు, ఆ తర్వాత నీకు నిజంగ నొప్పి...

"అక్కా, ఎంతసేపు ముచ్చట్లు? అన్నం పెట్టిన, చల్లారిపోతాంది. పిల్లను గూడ తోలుకరా, నేను కలిపి తినిపిస్త."